కాయలేని పూలు

"ఇవాళ ఏదో ఒకటి అవుతుంది, చూస్తూ ఉండండి," అన్నాను.

అప్పటికింకా ఏమీ కాలేదు. పొయ్యి మీద నీళ్ళు కూడా కాగలేదు. మా ఆయన దుప్పట్లోంచి తల మాత్రం బయటపెట్టి, "ఏదో ఒకటి కాకపోతే పొద్దెలా గూకుతుందే?" అన్నారు.

"మీకు నవ్వులాటగా ఉంది. మధ్యాహ్నం ఏడిళ్ళవాళ్ళూ డేరాలో కూర్చుంటారు. పట్టా కోసేస్తారు. మన పిల్ల అలిగి, మంచు తీసి దారి తెరవగానే మొదటి లారీ ఎక్కేస్తుంది. ఆ లారీ మూడో మలుపు దగ్గర..."

"ఆ లారీ తోలేది నేనే. పొద్దున్నే నన్నెందుకే లోయలో పడేస్తావు?"

నోరు మూసుకున్నాను. నోరైతే మూసుకోవచ్చు గానీ మనసుకి తలుపులుండవు కదా. దూరేవన్నీ దూరుతూనే ఉన్నాయి.

మా అమ్మాయి నాతో మాట్లాడి అప్పటికి రెండు రోజులు. "ఇంత ఎత్తున మనుషులకే ఊపిరాడదు, గుమ్మడికాయ ఎలా కాస్తుందే, వదిలెయ్యరాదూ," అన్నానని. నేనన్నది భయంతో. దానికి వినిపించింది ఎత్తిపొడుపుగా. నా మాటలకెప్పుడూ అదే గతి. బయల్దేరేటప్పుడు ఒక బట్ట కట్టుకుంటాయి, చేరేసరికి ఇంకో బట్టలో ఉంటాయి.

ఆ డేరా కట్టిన రోజులు నాకింకా కళ్ళకు కట్టినట్టున్నాయి. చలి ముదరకముందే ఏడిళ్ళవాళ్ళం రాళ్ళు మోశాం. నడుం లోతు తవ్వి, వెనక గోడ కట్టి, దానికి నల్లరంగు పూశాం. పగటి ఎండ తాగి రాత్రికి వెచ్చదనం వదులుతుందట. పైన ఇనప గొట్టాలు వంచి, ఊళ్ళో సూదులేసే నర్సమ్మ ఎవరెవరి కాళ్ళో పట్టుకుని తెప్పించిన మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పాం. బయట బకెట్లో నీళ్ళు గడ్డ కడుతుంటే లోపల స్వెట్టర్ విప్పుకోవాల్సిందే. సాయంత్రం పట్టా మీద గొంగళ్ళు కప్పాలి, పొద్దున్నే చుట్టి తీయాలి. ఏడిళ్ళు, ఏడు రోజులు. మంగళవారం మాది, బుధవారం రేడియో వదినది, గురువారం మేస్త్రన్నయ్యది.

ఆకుకూరలు చలికాలమంతా వచ్చాయి. కానీ ఒప్పందం ఆకు గురించి కాదు.

"ఆకు తిని మేక బతుకుతుంది. మనిషికి కాయ కావాలి. దారి తెరిచేలోపు ఒక్క గుమ్మడికాయ నిలబడితే డేరా ఉంచుదాం. లేదంటే పట్టా ఏడు ముక్కలు చేసి ఎవరి కిటికీకి వాళ్ళు కొట్టుకుందాం," అన్నాడు మేస్త్రన్నయ్య. అందరూ సరేనన్నారు. అందరికంటే ముందు మా అమ్మాయే సరేనంది. కింద టౌన్లో మూడు నెలలు ఈ సాగు నేర్చుకొచ్చిన ధీమా. ఆ ధీమాతోనే అక్కడి గోడౌన్‌లో వచ్చిన ఉద్యోగం కూడా వద్దనుకుంది. పట్టా పోతే మళ్ళీ ఆ గోడౌన్‌కే పోతానని మొన్న వాళ్ళ నాన్నతో అంది.

దారి తెరవడానికి వారం ఉంది. పాదులు డేరా అంతా అల్లుకున్నాయి. పిందెలు పడుతున్నాయి, పసుపురంగుకి తిరిగి రాలిపోతున్నాయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నిలబడలేదు. ఇంక వారం ఆగడమెందుకు, ఇవాళే తేల్చేద్దామన్నాడు మేస్త్రన్నయ్య.

తలుపు దడాలున తెరుచుకుంది. అమ్మాయి. మోకాళ్ళ దాకా బూడిద. చేతిలో మా స్టీలు పళ్ళెం.

"నాన్నా, లే. ఇది చూడు."

నా వైపు చూడలేదు. నేను మాత్రం మెడ సాచి చూశాను. పళ్ళెంలో వాడిపోయిన గుమ్మడి పూలు, చలిలో బిరుసెక్కి, బూడిద అంటుకుని.

"ఎక్కడివే ఇవి?"

"డేరా వెనక బూడిదగుంటలో. పూలు రాలిపోతున్నాయని రెండు వారాలుగా ఏడుస్తున్నాను కదా? రాలిపోవట్లేదు నాన్నా. కాడ చూడు."

మా ఆయన కళ్ళద్దాలు వెతుక్కుని, దొరక్క, పువ్వునే కంటి దగ్గరికి తెచ్చుకున్నారు. "ఎలకేమో."

"ఎలక కొరికితే పళ్ళగాటు ఉంటుంది. ఇది గోటితో గిల్లింది. రెండు గోళ్ళ మధ్య పెట్టి, ఠక్కున. వంటింట్లో కూర గిల్లే చెయ్యి."

నా బొటనవేలు దానంతటదే శాలువా లోపలికి వెళ్ళిపోయింది.

"కాయలేని పూలే కదే అవి?" అన్నాను. ఆపుకోలేకపోయాను. "వెనక పిందె ఉండదు, ఏమీ ఉండదు. ఉత్త పూలు. ఉన్న బలమంతా అవి తాగేస్తే పిందెలకేం మిగులుతుంది?"

అమ్మాయి తలెత్తింది. దానికి కోపమెంత ఉన్నా సరే, ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే ఆ కోపం అక్కడే పెట్టి జవాబు చెప్పడానికి వచ్చేస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే.

"ఇలా రా అమ్మా. కూర్చో."

కూర్చున్నాను. అది పూరేకులు ఒక్కొక్కటే తీసేసింది. లోపల ఒకే ఒక్క మొగ్గలాంటిది నిలబడి ఉంది, అగ్గిపుల్లలా. దాన్ని నా వేలికి రాసింది. వేలు పచ్చబడింది.

"ఇది పుప్పొడి. ఇది మగపువ్వు. పిందెతో పూసేది ఆడపువ్వు. దీని పొడి దాని లోపల అంటకపోతే ఆ పిందె నిలబడదు, రాలిపోతుంది."

"పూలల్లో కూడానా?"

నిజంగానే నాకు తెలియదు. నేను చదివింది ఐదో తరగతి. మా పుట్టింట్లో గుమ్మడికాయ బజారు నుంచి వచ్చేది, పాదు నుంచి కాదు.

"ఉండవా మరి? మనింట్లో ఉన్నట్టే," అన్నారు మా ఆయన. "ఒకటి కాస్తుంది, ఇంకోటి ఊరికే కూర్చుంటుంది."

"ఊరికే కూర్చోదు నాన్నా, అదే చెప్తున్నా. తేనెటీగలుంటే అవే చూసుకుంటాయి. ఈ చలిలో పట్టా లోపలికి ఏ ఈగ వస్తుంది? అందుకే ఇక్కడ ఈగని నేనే. పొద్దున విచ్చుకున్న మగపువ్వు కోసి ఆడపూలకి నేనే రాయాలి. ఒక్క పూటే టైము. మధ్యాహ్నానికి అవి ముడుచుకుపోతాయి. నేను గొట్టంలో మంచు కరిగించి, నీళ్ళు వదిలి వచ్చేసరికి ఆడపూలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. మగపువ్వు మాత్రం ఒక్కటీ ఉండదు. ఈలోపే ఎవరో గిల్లేస్తున్నారు."

"ఒక్క పువ్వు ఎన్ని పిందెలకి సరిపోతుందే?"

"మూడు, నాలుగు."

నా వేలి మీద పచ్చదనం వైపు చూసుకున్నాను. మంగళవారం గొంగళ్ళు చుట్టి తీశాక, పాదుల మధ్య వంగి, గుప్పెడు గిల్లేదాన్ని. పుణ్యం చేస్తున్నట్టు. పోయిన వారం, అంతకు ముందు వారం. గిల్లి, పాదు తల నిమిరి మరీ వచ్చేదాన్ని.

"ఏ రోజు పోతున్నాయి?" అని అడిగాను.

"ఏడు రోజులూ."

పాపిష్టిదాన్ని, అది విని కాస్త ఊపిరి పీల్చుకున్నాను. మంగళవారం నాది. మిగతా ఆరు రోజులు? ఎవరై ఉంటారు? ఆ క్షణంలో నాకు భయం కన్నా ఆ సంగతి తెలుసుకోవాలన్న ఆత్రమే ఎక్కువైంది.

"గుంట పొరలు పొరలుగా తవ్వాను," అంది అమ్మాయి. వంతు ఇంటివాళ్ళు ఆ రోజు తమ పొయ్యి బూడిద తెచ్చి గుంటలో పోయాలని మా కట్టుబాటు, పాదులకి ఎరువవుతుంది. "రోజుకో పొర. మేస్త్రి మావయ్య బూడిదలో సున్నం పెళ్ళలుంటాయి, చూడగానే తెలిసిపోతుంది. అన్ని పొరల మీదా పూలున్నాయి. ఆ గురువారం పొరలో మాత్రం లేవు."

"అయితే ఆయన కొయ్యలేదన్నమాట," అన్నారు మా ఆయన.

"గురువారాలూ పాదుల మీద పూలు లేవు నాన్నా. కోశాడు. కోసి దాచేశాడు. మిగతావాళ్ళు కనీసం పారేశారు. పట్టా కావాలని మొదట్నుంచీ అడుగుతున్నదెవరు? మిగతా రోజులు కూడా ఆయనే పొద్దున్నే దూరి కోస్తున్నాడేమో ఎవరు చూశారు? ఇవాళ అందరి ముందూ అడుగుతా."

పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

నేను లేవలేదు. మా ఆయన దుప్పటి మడతపెట్టారు. పెళ్ళయ్యాక ఆయన దుప్పటి మడతపెట్టడం అది రెండోసారి.

"ఏమే, గోరెందుకు దాచుకున్నావు?"

శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"చెప్పెయ్యి."

"చెప్తే అది ఈ జన్మలో నా మొహం చూస్తుందా? అమ్మే తన డేరా కూల్చిందని..."

"చెప్పకపోతే మేస్త్రి నెత్తిన పడుతుంది."

"అదే నా భయమూ. ఆయనసలే ముక్కోపి. సుత్తి విసురుతాడు. అది నర్సమ్మకి తగులుతుంది. దారి తెరిచేదాకా నర్సమ్మకి కట్టు కట్టేవాళ్ళు కూడా ఉండరు."

"సుత్తి తేడులే. కత్తెర తెస్తాడు," అన్నారు మా ఆయన, ఓదార్పుగా.

*

కత్తెరే తెచ్చాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెర, చంకలో పెట్టుకుని. జేబులోంచి కొలత టేపు వేలాడుతోంది.

మధ్యాహ్నం ఎండకి డేరా లోపల ఉక్కపోతగా ఉంది. పాదుల మధ్య రాతి గట్ల మీద ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున సర్దుకున్నాం. నర్సమ్మ కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది. తుడుచుకుంటూనే చెయ్యి చాపింది.

"ముందు ఆ కత్తెర ఇటివ్వన్నయ్యా. మాట్లాడుకున్నాక ఇస్తా."

ఇచ్చాడు. ఆవిడ దాన్ని తను కూర్చున్న గోనెపట్టా కిందికి తోసేసింది.

"కొలతలు తీసుకున్నాను," అన్నాడు మేస్త్రన్నయ్య, ఎవరి వైపూ చూడకుండా. "ఏడు ముక్కలూ సమానంగా వస్తాయి. నేను దురాశకి అడగట్లేదు. మా కిటికీ అద్దం పగిలి చలికాలమంతా అట్టముక్కే అడ్డం. ఇంటిది మంచాన పడి ఉంది. మంచం ఆ కిటికీ కిందే."

"మంచం ఇటు జరుపుకోమని చెప్పండి ఆయనకి," అంది రేడియో వదిన మా ఆయనతో. ప్రహరీగోడ గొడవ అయినప్పట్నుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఏదున్నా మధ్యలో ఒక మనిషి కావాలి.

"గది మొత్తం మంచమే, ఎటు జరపాలో ఆవిడనే చెప్పమనండి."

"ఆగండి," అంది మా అమ్మాయి. పళ్ళెం నేల మీద పెట్టింది. ఇంట్లో మాకు చెప్పినట్టే చెప్పింది. మగపువ్వు, ఆడపువ్వు, గోటిగాటు, బూడిద పొరలు. వింటున్నవాళ్ళు పళ్ళెం మీదికి వంగారు. పువ్వు చేతులు మారింది. ఒకరు వాసన చూశారు, ఒకరు నాలిక మీద పెట్టుకున్నారు. నర్సమ్మ అయితే కళ్ళద్దాలు తీసి, భూతద్దంలా పట్టుకుని చూసింది.

"మేస్త్రి మావయ్యా," అంది అమ్మాయి. "గురువారం పూలు గుంటలో లేవు. పాదు మీదా లేవు. ఏమయ్యాయి?"

"నన్ను దొంగంటున్నావా?"

"అనట్లేదు. అడుగుతున్నాను."

"పట్టా కోసం పాదులు చంపుకునేవాడిలా కనపడుతున్నానా నీకు? ఆ గోడకి ఒక్కో రాయీ నేను పేర్చింది కాదూ?"

"మరి చెప్పు."

ఆయన ఎర్రటి మొహం నల్లబడింది. వెనకనుంచి ఎవరో, "నోరెత్తడేం?" అన్నారు. ఇంకెవరో, "అందుకే కొలతలు కూడా తీసుకొచ్చాడు," అన్నారు. ఆయన లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. అరవయ్యేళ్ళ మనిషి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

నాకింక కూర్చోబుద్ధి కాలేదు.

"మంగళవారం నేను."

నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "మంగళవారం పూలు కోసింది నేనే. కాయలేని పూలు కదా, పాదుకి బరువు తగ్గుతుందనుకున్నాను. నాకు తెలియదు. పొద్దున నువ్వు చెప్పేదాకా తెలియదు. తెలిశాక చెప్పడానికి భయమేసింది."

అమ్మాయి నా వైపు తిరిగింది. "నువ్వా?"

ఆ ఒక్క మాట చాలు, ఇంకేమీ అనక్కర్లేదు. గట్టు మీద నేను ఇంకాస్త చిన్నదాన్నయిపోయాను.

"అయ్యో, అది తప్పా?" అంది రేడియో వదిన హఠాత్తుగా. "అదేంటి వదినా, నువ్వే కదా నాకు చెప్పింది! ఉత్త పూలు గిల్లితే పిందె ఊరుతుందని?"

"నువ్వూ గిల్లావా?"

"బుధవారం బుధవారం. నువ్వు చెప్పాకే."

"నీకొక్కదానికే చెప్పాను కదా వదినా. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాను."

"ఎవరికీ చెప్పలేదు తల్లీ! శుక్రవారం వాళ్ళకి చెప్పాను. శనివారం వాళ్ళకి చెప్పాను. సోమవారం వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అడిగారు. అంతే."

శుక్రవారం ఇంటాయన తల గోక్కున్నాడు. శనివారం అత్తాకోడళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. సోమవారం ఇంటావిడ, "మంచికే అనుకున్నాం," అంది నేలచూపులు చూస్తూ.

అందరి కళ్ళూ నర్సమ్మ వైపు తిరిగాయి. ఆదివారం ఆవిడది.

"నన్నలా చూడకండి," అందావిడ. తర్వాత నిదానంగా, "చేతులకి తొడుగులేసుకుని మరీ గిల్లాను. మొక్కకేదైనా అంటుకుంటుందేమోనని," అంది.

మొదట నవ్వింది మా ఆయనే. "ఏడిళ్ళూ కలిసి ఎంత జాగ్రత్తగా చంపామో!" అన్నారు. డేరా అంతా గొల్లుమంది. రేడియో వదిన శాలువాతో కళ్ళొత్తుకుంది. మా అమ్మాయి పెదవి కొరుక్కుని తల తిప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వెనకనుంచి నాకు తెలియలేదు. తెలుసుకోవాలంటే భయంగానూ ఉంది.

నవ్వు సద్దుమణిగాక అది మళ్ళీ ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మొగ్గలున్నాయి," అంది. "రేపట్నుంచి ఎవరూ ముట్టుకోకపోతే వారంలోపు ఒకటో రెండో నిలబడొచ్చు. నిలబడకపోవచ్చు. దారి తెరిచేలోపు అన్నది మాట. మాట మాటే. ఆ వారం నాకిస్తారా లేదా అన్నది మీ ఇష్టం." ఒక్క క్షణం ఆగింది. "కానీ గురువారం?"

"నిజమే," అంది నర్సమ్మ. "గురువారం సంగతేంటి? వదినా, ఆయనకీ నువ్వే చెప్పావా?"

"నేనా? ఆ మనిషితోనా?" రేడియో వదిన మూతి తిప్పింది. "గోడ గొడవైనప్పట్నుంచీ ఆ గుమ్మం ముందునుంచి కూడా నడవలేదు. ఆ ఇంట్లో నా మాట ఒక్కటి కూడా దూరలేదు."

అంటే పాదు మేలు కోరి కొయ్యలేదు. ఆ ఆలోచన అందరికీ ఒకేసారి వచ్చింది. నవ్వినవాళ్ళ మొహాలు బిగుసుకున్నాయి. మా అమ్మాయి మొహంలో మాత్రం పొద్దుటి కోపం లేదు. పువ్వు విప్పి లోపలేముందో చూసేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

"మావయ్యా, నిన్ను తప్పు పట్టడానికి కాదు. అమ్మనే పట్టలేకపోయాను, నిన్నేం పడతాను? నాకు తెలియాలి, అంతే. పారెయ్యకుండా ఏం చేశావు వాటిని?"

ఆయన వేలాడుతున్న టేపుని జేబులోకి తోసుకున్నాడు.

పట్టా లోపలివైపు పట్టిన చెమట బొట్లుబొట్లుగా జారి ఆకుల మీద పడుతోంది. బయట ఎవరి మేకో అరిచి ఊరుకుంది. శనివారం కోడలు ఏదో అనబోతే అత్తగారు మోచేత్తో పొడిచింది. మా ఆయన జేబులో చెయ్యి పెట్టి, ఖాళీ చెయ్యి బయటికి తీశారు. నర్సమ్మ కత్తెర ఉన్న చోటు నుంచి కదల్లేదు. ఈయన ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడు, ఇంక ఏ ఇంటికీ రాడు, ఆ మంచాన పడ్డ మనిషిని చూడ్డానికి కూడా మమ్మల్ని రానివ్వడు, రేపేదైనా అయితే మోయడానికి నలుగురు కూడా... అలా ఎంత దూరం వెళ్ళానో.

నల్లగోడ మీద ఎండ ఒక వరస రాళ్ళు దాటి ఇంకో వరసకి జరిగింది.

మేస్త్రన్నయ్య గొంతు సవరించుకున్నాడు. మా అమ్మాయి వైపు కాదు, ఆ గోడ వైపు చూస్తూ అన్నాడు.

"ఇంట్లో ఉన్నాయి. మీ అత్తయ్య తలగడ పక్కన, గ్లాసులో. ఎండిపోయినవి కూడా తియ్యనివ్వదు. ఐదు నెలల్నుంచీ గోడవైపే తిరిగి పడుకుంటోంది. నేను పిలిచినా తిరగదు, నర్సమ్మ సూదికీ తిరగదు. మొన్నటి గురువారం కాదు, ఆ ముందు గురువారం ఊరికే, పచ్చగా ఉన్నాయని, గుప్పెడు కోసుకెళ్ళాను." ఆగాడు. "ఇటు తిరిగింది."